ప్రింటర్‌కో సొంత నంబరు

ఆ కళ్ళజోళ్ళ షాపులో పొద్దున్నే అన్నిటికన్నా ముందు నిద్ర లేచేది ఇంటర్నెట్ డబ్బా. దాని ఆకుపచ్చ దీపం మిణుకుమిణుకుమనడం మానేసి నిలకడగా వెలిగేదాకా అత్తగారు నడుం మీద చేతులు పెట్టుకుని ఎదురుగా నిలబడేది. ఆ తర్వాత కౌంటర్ మీది కంప్యూటర్. దాని తర్వాత చీకటి గదిలో కళ్ళు పరీక్ష చేసే మిషను. ఆఖర్న ఇరవై రెండు మెట్లెక్కి, మేడ మీద అద్దాలు అరగదీసే గదిలో ప్రింటర్ మీట నొక్కి, మళ్ళీ ఇరవై రెండు మెట్లు దిగి వచ్చేది. ఈ వరసంతా ఒక కాగితం మీద రాసి గోడకి అంటించి ఉంది. ఒకటి డబ్బా, రెండు కంప్యూటర్, మూడు మిషను, నాలుగు ప్రింటర్. కింద ఎర్ర సిరాతో, "వరస తప్పరాదు."

ఎందుకు తప్పకూడదో ఎవరికీ తెలియదు. తప్పితే ప్రింటర్ పలకదు, అంతే. షాపు మూసేటప్పుడు మెయిన్ స్విచ్ దించేయడం ఆ ఇంటి అలవాటు. ఎప్పుడో ఒకసారి తీగ కాలి కర్టెనుకి అంటుకుందట. అందుకని నాలుగేళ్ళుగా రోజూ పొద్దున్నే ఈ తంతు నడవాల్సిందే.

పెళ్ళయి ఇరవై ఆరు రోజులైన కొత్త కోడలు అత్తగారితో కలిసి షాపు తలుపు తీసిన సోమవారం నాడు, వరస ఎక్కడా తప్పకుండానే, ఆ ప్రింటర్ మూగబోయింది.

ప్రింటర్ మేడ మీద ఎందుకుందంటే, అద్దాలు అరగదీసే మామగారు మేడ మీద ఉంటాడు కనక. కింద చీకటి గదిలో కొడుకు కళ్ళు పరీక్షించి కుడి కన్ను ఇంత, ఎడమ కన్ను ఇంత అని లెక్క పంపిస్తాడు. కౌంటర్ దగ్గర మీట నొక్కగానే పైన చీటీ అచ్చవుతుంది. ఆ చీటీ ట్రేలో అద్దాలతోపాటే మిషను నుంచి మిషనుకి తిరుగుతుంది. చీటీ చేతికందగానే మామగారు మడమతో నేలని రెండుసార్లు తంతాడు. ధన్, ధన్. అందిందని అర్థం. కింద కప్పు నుంచి చిటికెడు సున్నం రాలి గాజు కౌంటర్ మీద పడుతుంది. అత్తగారు గొణుక్కుంటూ గుడ్డతో తుడుస్తుంది. ఆ షాపు గురించి భర్త చెప్పినవాటిలో కోడలికి మొదట నచ్చింది ఇదే. తన పుట్టింట్లో ఎవరూ ఎవరికీ మడమతో జవాబు చెప్పేవారు కాదు.

కానీ ఆమె వచ్చిన దగ్గర్నుంచీ ఆ చప్పుడు వినపడలేదు.

చేత్తో రాసిన చీటీని మామగారు నమ్మడు. రాసినవాళ్ళే పైకొచ్చి, ఆయన ముందు నిలబడి, ఒక్కో అంకే చదివి ఒప్పజెప్పాలి. దాంతో అత్తాకోడళ్ళు వంతులవారీగా మెట్లెక్కడం మొదలుపెట్టారు. కోడలికి ఇరవై మూడేళ్ళు. ఆమె మోకాళ్ళకి ఇదో ఆట. అత్తగారి మోకాళ్ళ సంగతి వేరు. డాక్టరు పోయిన నెలే చెప్పాడు, మెట్లకీ మీకూ ఇక చెల్లు అని. ఆ పొద్దుటి ఒక్క ఎక్కుడూ కూడా వద్దన్నాడు.

మంగళవారం కొడుకు మేడెక్కి ప్రింటర్ మూత తెరిచాడు, మూశాడు, ఒక దెబ్బ వేశాడు, ఊదాడు. దిగొచ్చి, "కాగితం ఉంది, సిరా ఉంది, దీపం వెలుగుతోంది. దానికేం రోగమో నాకు తెలీదు," అని చేతులెత్తేశాడు.

"నాకు తెలుసు," అంది అత్తగారు కళ్ళజోళ్ళ చట్టాలు తుడుస్తూ. "షాపులోకి అమ్మాయి ఫోన్ వచ్చింది. ప్రింటర్‌కి దిష్టి తగిలింది."

"అమ్మా! ఫోన్‌కీ ప్రింటర్‌కీ ఏంటి సంబంధం?"

"అది నువ్వు చెప్పాలి. చదువుకున్నవాళ్ళు మీరిద్దరూ."

కోడలు మొహం కందగడ్డలా అయింది. నిజమే, వచ్చిన మొదటి రోజే, అత్తగారు మెట్లెక్కుతున్నప్పుడు, పెళ్ళి ఫొటోలు మళ్ళీ ఒకసారి చూసుకుందామని తన ఫోన్‌ని షాపు వైఫైకి కలుపుకుంది. మళ్ళీ ఒకసారి అంటే అప్పటికి రెండు వందల సార్లయి ఉంటుంది. చీకటి గది తలుపు మూసుకున్నాక భర్త భుజం మీద తల వాల్చి, "మీ అమ్మ నా ఫోన్ మీద పడింది," అని గునిసింది. నలుగురి ముందు 'ఏమండీ' అనే మనిషి ఆ గదిలో మాత్రం 'నువ్వు' అనేది. "నువ్వేం మాట్లాడవేం?"

"మా అమ్మతోనా? నాకింకా బతకాలని ఉంది."

"అయితే నేనే చూస్తా. ఆ ప్రింటర్ అంతు చూస్తా."

"నువ్వు చదివింది మొక్కల గురించి కదోయ్!"

"మొక్క ఎండితే పైకొచ్చి ఆకుకి దెబ్బ వెయ్యం. వేరు ఎక్కడుందో చూస్తాం. నీకంటే నేనే నయం."

గురువారం పెద్ద ఆర్డరు వచ్చింది. ఒక బడిలో పిల్లలందరికీ కళ్ళు పరీక్ష చేస్తే నలభై ఆరుగురికి అద్దాలు కావాల్సి వచ్చాయి. శనివారం చీటీలన్నీ పైకి చేరితే తప్ప సోమవారానికి అవి పిల్లల ముక్కుల మీద ఉండవు. ఆ కబురు విన్న గంటకే అత్తగారు వేరే చీటీ ఒకటి పట్టుకుని బయల్దేరింది. కోడలు ఓ తాతగారికి చట్టం సరిచేస్తూ ఉండి చూసుకోలేదు. అడుగుల చప్పుడు ఆగిపోవడం మాత్రం వినిపించింది.

పరిగెత్తింది. పద్నాలుగో మెట్టు మీద అత్తగారు కూలబడి, రెండు చేతులతో మోకాలు పట్టుకుని, పెదవి కొరుక్కుంటోంది. చీటీ మాత్రం నలగకుండా ఒళ్ళో భద్రంగా ఉంది.

"ఏం లేదు. కాస్త ఆయాసం. నువ్వెళ్ళి తాతగారిని చూడు."

కోడలు ఆమె పక్కనే, ఆ ఇరుకు మెట్టు మీదే ఇరుక్కుని కూర్చుంది. "అత్తయ్యా, శనివారం పొద్దున షాపు తెరిచేసరికి మీ ప్రింటర్ మాట్లాడుతుంది. ఆ నలభై ఆరు చీటీల్లో ఒక్కదానికి కూడా మీరు మెట్టెక్కరు."

"ఎలా మాట్లాడుతుందే?"

"అది ఇంకా తెలీదు. తెలుసుకుంటా."

"దానికంత ప్రయాస ఎందుకు? రేపు పొద్దున ఫోన్ ఆపెయ్. అంతే."

కోడలికి ఒళ్ళు మండింది. అయినా అత్తగారి మోకాలు చూసి, సరేనంది.

శుక్రవారం ఫోన్ సంచిలో నిద్రపోయింది. డబ్బా, కంప్యూటర్, మిషను, వరసగా లేచాయి. అత్తగారిని కౌంటర్ దగ్గరే ఆపి నాలుగోది కోడలే పైకెళ్ళి లేపింది. కొడుకు మీట నొక్కాడు. పైన ప్రింటర్ గురగురమంది. ధన్, ధన్!

సున్నం రాలింది. అత్తగారు దాన్ని తుడవకుండా, రెండు చేతులూ కట్టుకుని, కోడలి వంక అలా చూస్తూ నిలబడింది.

ఆ విజయం పదకొండింటిదాకా నిలిచింది. పదకొండుకి కరెంటు పోయి, అయిదు నిమిషాల్లో వచ్చింది. కొడుకు ఆపి ఉంచిన మిషను తప్ప అన్నీ ఒక్కసారే లేచాయి. తర్వాతి చీటీ పైకి వెళ్ళలేదు.

"ఇప్పుడు నా ఫోన్ ఆపే ఉంది," అంది కోడలు నెమ్మదిగా.

అత్తగారు సంచి కేసి అనుమానంగా చూసింది. "ఉంది," అని ఒప్పుకుంది.

అప్పుడు కోడలికి ఒక సంగతి తట్టింది. అత్తగారి మాట వెక్కిరింత అనుకుని ఇన్నాళ్ళూ మూతి ముడుచుకుంది కానీ, ఆవిడ వెక్కిరించలేదు. చూసింది చెప్పింది. ఫోన్ ఉంటే పలకదు, లేకపోతే పలుకుతుంది, అందరూ ఒకేసారి లేస్తే పలకదు. ముఖ్యం ఫోను కాదు. ఎవరు ముందు, ఎవరు వెనక అన్నదే. గోడ మీది కాగితం చెప్తున్నదీ అదే.

మేడెక్కింది. మామగారు నీళ్ళ చేతులతో అద్దం పట్టుకుని, "ఏంటమ్మా, వైద్యమా?" అన్నాడు.

"రోగిని మాట్లాడిస్తాను మామయ్యా."

ప్రింటర్ మూత లోపల ఒక బొమ్మ ఉంది. నల్ల మీటని అయిదు సెకన్లు నొక్కిపడితే ప్రింటర్ తన వివరాలు తనే అచ్చు వేస్తుందట. నొక్కిపట్టింది. ఒక కాగితం వచ్చింది. మధ్యలో 'ఐపీ అడ్రస్' అన్న మాట ఎదురుగా నాలుగు ముక్కల నంబరు. 192.168.1.101. కిందికొచ్చి కంప్యూటర్లో వెతికింది. కంప్యూటర్ చీటీలన్నీ 103 చివరున్న నంబరుకి పంపుతోంది. ఫోన్ వెలిగించి దాని నంబరు చూసింది. 103!

"దొరికింది!" అని ఆమె పెట్టిన కేకకి చీకటి గదిలో పరీక్ష చేయించుకుంటున్న ఆవిడ అక్షరాలు చదవడం మానేసింది.

టీ కప్పులు ముందు పెట్టుకుని కోడలు అందరికీ చెప్పింది. డబ్బా రోజూ పొద్దున్నే, వచ్చినవాళ్ళకి వచ్చినట్టు వరసగా నంబర్లు ఇస్తుంది. కంప్యూటర్‌కి నూట ఒకటి, మిషనుకి నూట రెండు, ప్రింటర్‌కి నూట మూడు. కంప్యూటర్‌కి తెలిసిందల్లా నూట మూడుకి చీటీ పంపడమే. అక్కడ ఎవరున్నారో దానికి అనవసరం.

"సోమవారం మీరు మెట్లెక్కుతుంటే, ప్రింటర్ కన్నా ముందు నా ఫోను నూట మూడులో కూర్చుంది. బస్సు కిటికీలోంచి రుమాలు వేసి సీటు పట్టినట్టు. అప్పట్నుంచీ రోజూ అదే సీటు కావాలంటోంది."

"అయితే నేనన్నది నిజమేగా!" అంది అత్తగారు.

"అక్షరాలా నిజం అత్తయ్యా. ఈ ఇంట్లో సరిగ్గా కనిపెట్టింది మీరొక్కరే."

అత్తగారు కొడుకు వైపు తిరిగి, "విన్నావా?" అంది.

"విన్నానమ్మా. ఇంక ఏడాది వింటాను."

మందు కూడా తెలిసిపోయింది. ప్రింటర్ రోజూ వరసలో నిలబడి నంబరు అడుక్కోకుండా, దానికంటూ ఒక సొంత నంబరు ఇచ్చేయాలి. కోడలు మళ్ళీ మేడెక్కింది. ప్రింటర్ తెర అగ్గిపెట్టె అంత ఉంది. పైకి ఒక బాణం, కిందికి ఒక బాణం, మధ్యలో ఓకే. ఒక్కో అంకెకీ బాణం నొక్కుతూ పోవాలి. వంద దాటేసరికి వేలు మొద్దుబారింది. పొరపాటున ఒకటి ఎక్కువ నొక్కితే మళ్ళీ వెనక్కి. నంబరు తనే తీసుకునే 'ఆటోమేటిక్' తీసేసి, మనమే ఇచ్చే 'మాన్యువల్' ఎంచి, మొత్తానికి 103 కొట్టి, ఓకే నొక్కింది. కింద మిగిలిన రెండు వరసలూ ప్రింటర్ అచ్చేసిన వివరాల కాగితం చూసి ఉన్నవి ఉన్నట్టే దించింది. భర్త కింద మీట నొక్కాడు. చీటీ వచ్చింది. ధన్, ధన్!

కోడలు మెట్ల మీదనుంచి రెండేసి చొప్పున దూకుతూ దిగింది. ఆ ఊపులోనే, ఇందాక మళ్ళీ ఆపి సంచిలో పడేసిన ఫోన్ తీసి వెలిగించింది. ఇక దాని పాపం పోయిందిగా.

తర్వాతి చీటీ వెళ్ళలేదు. ఆ తర్వాతిది వెళ్ళింది. మూడోది సగం అచ్చయి ఆగిపోయింది. కుడి కన్ను ఉంది, ఎడమ కన్ను లేదు.

"ఒంటికన్నువాడెవడో వచ్చినట్టున్నాడు," అని పైనుంచి మామగారి కేక.

కోడలు నవ్వలేదు. కుర్చీలో కూర్చుని ఫోన్ చూసింది. 103. ఇద్దరూ అదే సీటులో ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చున్నారు. ప్రింటర్ ఇది నాది అని కూర్చుంటే సరిపోదు. ఆ సీటు ఎవరికీ అమ్మనని డబ్బా కూడా అనుకోవాలి. డబ్బా అసలు పంచిపెట్టని నంబరు ఒకటి కావాలి.

పంచిపెట్టేవి ఏవో డబ్బానే అడగాలి. డబ్బా లోపలికి వెళ్ళాలంటే రహస్యపదం, అదే పాస్‌వర్డ్, కావాలి. రహస్యపదం డబ్బా అడుగున ఉంది. ఆ డబ్బాని ఎవరూ కదపకుండా అత్తగారు నాలుగేళ్ళ కిందట గోడకి మూడు వరసల టేపు వేసి అంటించింది.

"పీకనా అత్తయ్యా?"

అత్తగారు డబ్బా వంక చూసింది, కాగితం మీది ఎర్ర సిరా వంక చూసింది, తర్వాత తన మోకాలి వంక చూసుకుంది. లేచి వెళ్ళి, చట్టాలు బిగించే సన్న కత్తి తెచ్చి, తనే టేపు కోసింది.

అడుగున అక్షరాలు చీమ కాళ్ళంత ఉన్నాయి. డబ్బాని పైకి మోసుకెళ్తే మామగారు కంటికి భూతద్దం తగిలించుకుని, దీపం దగ్గరికి లాక్కుని, తీరిగ్గా చదివాడు. "పద్నాలుగు అక్షరాలు. నలభై ఏళ్ళుగా జనం చేత అక్షరాలు చదివించాను. నాచేత చదివించింది నువ్వే."

డబ్బాని మళ్ళీ కింద తగిలించాక కంప్యూటర్లో దాని పేజీ తెరుచుకుంది. వెతగ్గా వెతగ్గా దొరికింది. డబ్బా పంచేవి 101 నుంచి 199 వరకు. అంటే నూటికి దిగువన ఉన్నవాటి జోలికి అది పోదు. కోడలు 50 ఎంచుకుంది. గుండ్రంగా, గుర్తుండేలా ఉంది. యాభైలో ఇంకెవరైనా ఉన్నారేమోనని పిలిచి చూసింది. ఎవరూ పలకలేదు. మళ్ళీ ఇరవై రెండు మెట్లు. మళ్ళీ బాణాలు. యాభైకి చేరాక తన వేలిని ముద్దు పెట్టుకోవాలనిపించింది.

కిందికొచ్చి మీట నొక్కింది. పైన నిశ్శబ్దం. మళ్ళీ నొక్కింది. నిశ్శబ్దం. ఫోను మీద పడదామంటే అది నూట మూడులో ఒంటరిగా, బుద్ధిగా ఉంది. కోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎక్కడ తప్పింది? పేజీ చూసింది, కాగితం చూసింది, అన్నీ సరిగానే ఉన్నాయి.

అత్తగారు గుడ్డ మడతపెడుతూ అడిగింది. "అమ్మాయ్, ప్రింటర్ ఇల్లు మారింది సరే. ఆ సంగతి కంప్యూటర్‌కి చెప్పావా?"

కంప్యూటర్ ఇంకా నూట మూడు తలుపే కొడుతోంది. కోడలు ఒక్క ఉదుటున లేచి అత్తగారి రెండు బుగ్గలూ పట్టుకుని ఊపేసింది.

"ఏయ్, కళ్ళజోడు! కళ్ళజోడు పడిపోతుంది!"

కంప్యూటర్లో పాత నంబరు తీసి 192.168.1.50 అని కొట్టింది. మీట నొక్కింది. గురగుర. ధన్, ధన్. సున్నం నేరుగా కోడలి జుట్టులో పడింది.

శనివారం పొద్దున్న అత్తగారు మెట్ల కమ్మీ మీద ఒక చెయ్యి వేసి, ఎక్కడానికి సిద్ధంగా నిలబడింది. కౌంటర్ మీద నలభై ఆరు మంది పిల్లల లెక్కలు ఉన్నాయి.

"ఇవాళ వరస తప్పిద్దాం," అంది కోడలు.

"ఇవాళా? ఇంత పని పెట్టుకునా?"

"ఇంత పని ఉంది కనకే. మనకి తెలియాల్సింది ఇవాళే."

మేడ మీది ప్రింటర్ మీట నిన్నటి నుంచీ నొక్కే ఉంది. కోడలు ఫోన్ వెలిగించి కౌంటర్ మధ్యలో, అందరికీ కనపడేలా పెట్టింది. మెయిన్ స్విచ్ ఎత్తింది. అన్నీ ఒకదాని మీద ఒకటి పడుతూ లేచాయి. కొడుకు చీకటి గది గుమ్మంలోనే నిలబడిపోయాడు. డబ్బా దీపం నిలకడ అయ్యేదాకా ఆగి, కోడలు మొదటి పిల్లాడి చీటీ పంపింది.

ధన్, ధన్.

"ఏదో అలా కుదిరింది," అంది అత్తగారు. "మళ్ళీ దించు."

దించింది, ఎత్తింది. ధన్, ధన్.

"మూడోసారి."

మూడోసారి అత్తగారే స్విచ్ దించింది. అత్తగారే ఎత్తింది. కళ్ళు గట్టిగా మూసుకుని, కమ్మీ పట్టుకుని విన్నది. ధన్, ధన్. ఆ వెనకే మామగారి గొంతు, "ముగ్గురు పిల్లలకి ఆరు అద్దాలా? లేక ఒక్కడికే మూడు చీటీలు పంపుతున్నారా?"

అత్తగారు కమ్మీ వదిలేసింది. కౌంటర్ వెనక ఉన్న ఎత్తు స్టూలు, నాలుగేళ్ళలో పొద్దున్న పూట ఒక్కసారీ కూర్చోనిది, లాక్కుని కూర్చుంది. చీరె సర్దుకుంది. "ఊఁ, పంపు. రెండో పిల్లాడు," అంది, ఏదో రోజూ కూర్చున్నట్టే.

ఒక్కో పేరూ అత్తగారు చదివింది, కోడలు మీట నొక్కింది. ఒక్కో చీటీకీ పైనుంచి జవాబు వచ్చింది. పంతొమ్మిదో చీటీ తర్వాత రెండు తన్నుల బదులు ఒకటే వినిపించింది. ఇరవై ఏడో చీటీకి మామగారు మెట్ల మీదికొచ్చి, "అందుతున్నాయి, అన్నీ అందుతున్నాయి. నా మడమకి సెలవివ్వండి," అని మొర పెట్టుకున్నాడు.

"వీల్లేదు," అంది అత్తగారు. "రెండో కాలుంది కదా!"

మధ్యాహ్నం ఒకసారి కరెంటు పోయి వచ్చింది. ఎవరూ లేవలేదు. ముప్పై నాలుగో చీటీ వెళ్ళింది. కోడలు, భర్త ఒకరి మొహం ఒకరు చూసుకుని, మళ్ళీ చటుక్కున పనిలో పడ్డారు. లేకపోతే గట్టిగా నవ్వేసేవాళ్ళు.

నలభై ఆరోది వెళ్ళేసరికి గాజు కౌంటర్ అంతా సన్నటి తెల్లపొడి. అత్తగారు దాన్ని తుడవలేదు. స్టూలు మీదనుంచి చెయ్యి చాచి గోడ మీది కాగితం పీకింది. ఎర్ర సిరాని ఒకసారి చూసుకుంది. కాగితం తిరగేసి, వెనకవైపు తీరిగ్గా, పెద్ద అక్షరాలతో రాసింది.

"ప్రింటర్ సీటు: యాభై. వేరెవరూ కూర్చోరాదు."

కాసేపు ఆలోచించి, కోడలి చేతిలో ఉన్న ఫోన్ వైపు ఓరగా చూసి, కింద ఇంకో వరస చేర్చింది.

"అమ్మాయి ఫోను: ఎక్కడైనా కూర్చోవచ్చు."

దాన్ని మెట్ల పక్క గోడకి అంటించమని కోడలి చేతికి ఇచ్చింది. తను మాత్రం లేవలేదు.